స్టీరింగ్ వీల్ కొనే ముందు: ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే వైబ్రేషన్ కాదు

(వీడియోలో మాట్లాడిన మాటలే ఇవి. డేటా అయిపోయినవాళ్ళు, బస్సులో సౌండ్ పెట్టలేనివాళ్ళు చదువుకోడానికి అక్కడక్కడా సర్ది రాశాను.)

ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడి మెసేజ్ వల్ల చేస్తున్నా. పేరు చెప్పను. ఇందుకూరుపేట వైపు కుర్రాడు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవుల్లో రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉన్నాడు. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే పరిగెత్తి జనరేటర్ వేయాలి, అదీ పని. అట్ట ఇరవై ఎనిమిది వేలు దాచాడంట. "అన్నా, ప్లేస్టేషన్ మా మామ ఇచ్చాడు. ఈ డబ్బుతో స్టీరింగ్ కొందామని ఉంది. ఆన్‌లైన్‌లో ఆరు వేలకీ ఉంది, ముప్పై వేలకీ ఉంది. రెండూ గుండ్రంగానే ఉన్నాయి. తేడా ఏంది?" అని అడిగాడు.

రెండూ గుండ్రంగానే ఉన్నాయి. ఈ మాట చదివి నవ్వుకున్నా గానీ, నవ్వే హక్కు నాకు లేదు. రెండేళ్ళ కింద నేను ఇదే ఆలోచించి, ఎవర్నీ అడక్కుండా ఆరున్నర వేలు పోసి తప్పు చక్రం కొన్నా. కంపెనీ పేరు వద్దు. డబ్బా మీద పెద్దక్షరాలతో వైబ్రేషన్ ఫీడ్‌బ్యాక్ అని ఉంది. ఫీడ్‌బ్యాక్ అనే మాట కనపడగానే పడిపోయా. ఇంటికొచ్చి తగిలించి ఆడితే, గోడకి గుద్దినప్పుడు జుయ్ మని వణికింది. గడ్డిలోకి పోతే జుయ్. పక్క కారుకి తగిలితే జుయ్. లోపల ఒక రబ్బరు తాడో స్ప్రింగో ఉండి చక్రాన్ని ఎప్పుడూ నడిమధ్యకి లాగుతా ఉంటుంది. కారు ఆగి ఉన్నా అంతే బలం, రెండొందల స్పీడులో మలుపు తిరుగుతున్నా అంతే బలం. వారం తర్వాత కంట్రోలరే నయం అనిపించి దాన్ని అటక మీద పెట్టేశా. ఇప్పటికీ అక్కడే ఉంది.

సరే, అసలు విషయంలోకి వద్దాం. మనందరం రేసింగ్ మొదలుపెట్టింది ఫోన్లోనే కదా. ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకుని, మలుపు వస్తే ఫోన్‌తో పాటు మనం కూడా వంగిపోయి, పక్కన కూర్చున్నవాణ్ణి తోసేసి... ఆ రకం. గుద్దినప్పుడు ఫోన్ వణుకుతుంది. ఆ వణుకు ఎట్ట వస్తుందంటే, లోపల ఒక బుల్లి మోటార్ చిన్న బరువుని గబగబా ఆడిస్తుంది. గేమ్ కంట్రోలర్లో అయితే ఆ బరువు ఒక పక్కకే ఉంటుంది, తిరిగేటప్పుడు చేతిలో అదురుతుంది. అది నీకు ఒక్కటే చెప్పగలదు, ఏదో జరిగిందని. ఎటు జరిగింది, ఎంత జరిగింది అనేది చెప్పలేదు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే సూళ్ళూరుపేటలో కిటికీ రెక్కలు అదురుతాయి చూడండి, అట్టాంటిది. రాకెట్ పోయిందని తెలుస్తుంది. ఎటు తిరిగిందో కిటికీ రెక్క చెప్పదు.

ఇప్పుడు మైపాడు బీచ్‌లో గాలిపటం ఎగరేయడం గుర్తు తెచ్చుకోండి. కళ్ళు మూసుకున్నా దారం లాగుడుని బట్టి తెలుస్తుంది. గాలి పెరిగితే వేలు కోసుకునేంత బిగుస్తుంది. పటం ఒక పక్కకి తిరిగితే ఆ పక్కకి లాగుతుంది. దారం ఉన్నట్టుండి వదులైందా, పటం పడిపోతా ఉందని పైకి చూడకముందే చేతికి అర్థమవుతుంది. దాంట్లో వణుకేమీ లేదు. దిశ ఉన్న బలం అది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే అదే. చక్రం లోపల ఉన్న మోటార్ నీ చేతిని ఎడమకో కుడికో నిజంగా తోస్తుంది, ఇంత అని కొలిచి తోస్తుంది. నువ్వు దాని మీద పోట్లాడాలి, లేదా దాని మాట విని వదలాలి.

దీంట్లో ముఖ్యమైన ముక్క ఒకటుంది. దారం వదులవడం అన్నా చూడండి, అది. మీరు పెట్టే ముప్పై వేలు దాని కోసమే.

అసలు కారులో ఏం జరుగుతుందో చెప్తా. టైరు రోడ్డుకి ఆనే చోటు కారుకైతే దాదాపు అరచేయంత. స్టీరింగ్ తిప్పితే ఆ అరచేయంత రబ్బరు పక్కకి సాగుతుంది, రోడ్డుని పట్టుకుని కారుని మలుపులోకి లాగుతుంది. ఆ లాగుడు ఆ అరచేతి నడిమధ్యలో పడదు, కొంచెం వెనక భాగంలో పడుతుంది. వెనక పడుతుంది కాబట్టి చక్రాన్ని మళ్ళీ తిన్నగా చేయాలని చూస్తుంది. ఆస్పత్రిలో స్ట్రెచర్ చక్రాలు తోసినవైపు వాటంతటవే తిరిగి సర్దుకుంటాయి చూడండి, ఆ గుణం కూడా దీనికి తోడవుతుంది. కారు మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలేస్తే అదే వెనక్కి వచ్చేది ఇందువల్లే. ఇంజనీరింగ్ వాళ్ళు దీన్ని సెల్ఫ్ అలైనింగ్ టార్క్ అంటారు. పేరు మర్చిపోయినా పర్లేదు.

స్పీడు పెంచి ఇంకా గట్టిగా తిప్పామనుకోండి. రబ్బరు ఇంకా సాగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇంకా తిప్పితే ఆ అరచేతిలో వెనక భాగం ముందుగా జారడం మొదలవుతుంది. బురదలో చెప్పు వేసుకుని నడిచేటప్పుడు ముందు మడమ జారుతుంది, వేళ్ళ దగ్గర ఇంకా పట్టు ఉంటుంది, ఆ లెక్క. వెనక భాగం జారింది కాబట్టి లాగుడు ముందుకి జరుగుతుంది, స్టీరింగ్‌ని తిన్నగా చేసే బలం తగ్గిపోతుంది. చేతికి తేలికైనట్టు ఉంటుంది. గమ్మత్తేందంటే, టైరు పట్టు పూర్తిగా పోయే లోపలే ఈ తేలికదనం మొదలవుతుంది. అంటే అది ముందస్తు కబురు. స్క్రీన్ మీద కారు పక్కకి పోవడం కనపడే లోపలే చేతికి అందే కబురు. ఒక సెకను కూడా ఉండదు. కానీ రేసులో ఆ కాస్త టైములో కాలు తీయొచ్చు, స్టీరింగ్ కాస్త వెనక్కి ఇవ్వొచ్చు.

వెనక చక్రాలు జారినప్పుడు ఇంకో రకం. కారు తోక తిరిగిపోతా ఉంటే, ముందు చక్రాలు కారు అసలు పోతున్న దిక్కుకి తిరగాలని చూస్తాయి. స్టీరింగ్ దానంతటదే గిర్రున ఎదురు దిక్కుకి తిరుగుతుంది. కొత్తవాళ్ళు భయపడి గట్టిగా పట్టేసుకుంటారు. పట్టుకోకూడదు, చేతుల్లోంచి జారనివ్వాలి, తర్వాత అందుకోవాలి. ఇది నాకు నలభై యాభై సార్లు కారు గిరగిరా తిరిగినాక గానీ ఎక్కలేదు. స్ప్రింగ్ చక్రంలో ఇది జన్మలో రాదు, ఎందుకంటే దానికి తెలిసింది నడిమధ్య ఒక్కటే.

గేమ్ చేసే పని ఏందంటే, ఈ టైరు లెక్కంతా సెకనుకి వందల సార్లు వేసి, ఇప్పుడు స్టీరింగ్ మీద ఇంత బలం ఇటు పక్కకి అని తేల్చి, యూఎస్‌బీ వైరు గుండా చక్రానికి చెప్తుంది. చక్రంలో మోటార్ అంత తోస్తుంది. నువ్వు ఎంత తిప్పావో ఒక సెన్సర్ కొలిచి గేమ్‌కి తిరిగి చెప్తుంది. అంతే కథ. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1989లో వచ్చిన హార్డ్ డ్రైవిన్ అనే ఆర్కేడ్ మెషీన్లోనే చేతిని తోసే స్టీరింగ్ ఉంది. ఇళ్ళల్లో కన్సోల్‌కి బాగా పరిచయమైంది 2001లో, గ్రాన్ టురిస్మో 3తో పాటు లాజిటెక్ వాళ్ళ చక్రం వచ్చినప్పుడు.

మోటార్ బలం నీ చేతికి ఎట్ట చేరుతుందనే దాంట్లో మూడు రకాలు. గేర్లు, బెల్టు, డైరెక్ట్ డ్రైవ్. డైరెక్ట్ డ్రైవ్ అంటే మధ్యలో ఏమీ లేదు, మోటార్ ఇరుసుకే చక్రం బిగించేస్తారు. బెల్టు మెత్తగా ఉంటుంది, చిన్న చిన్న సంగతులు కొన్ని మింగేస్తుంది. గేర్ల చక్రం చవక, గట్టిది, కానీ పళ్ళ మధ్య కాస్త సందు ఉంటుంది, గరగర మంటుంది. మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువ కనిపించే లాజిటెక్ జీ29 గేర్ల రకమే. 2015లో వచ్చింది, రెండు మోటార్లు, 900 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఈ చివర నుంచి ఆ చివరకి రెండున్నర చుట్లు.

బలాన్ని న్యూటన్ మీటర్లలో చెప్తారు. నంబర్ చూసి కంగారు పడొద్దు. జీ29 బలం రెండు న్యూటన్ మీటర్లకి కాస్త పైన. అంటే చక్రం అంచుకి కిలోన్నర రొయ్యల కవర్ తగిలించినట్టు. థ్రస్ట్‌మాస్టర్ టీ300 దాదాపు నాలుగు, ఇది బెల్టు రకం. ఫానటెక్ వాళ్ళ చిన్న డైరెక్ట్ డ్రైవ్ 5, ఇంకో పెద్ద అడాప్టర్ కొంటే 8. లాజిటెక్ జీ ప్రో 11, అంటే అంచుకి ఏడు కిలోలకి పైనే వేలాడినట్టు. అరగంట ఆడితే భుజాలు పట్టేస్తాయి. దాని ధర పెడితే నెల్లూరులో మంచి సెకండ్ హ్యాండ్ బైక్ వస్తుంది, కాబట్టి ఆ చర్చ నాకూ మీకూ ఇప్పుడు అనవసరం. ఒక్క మాట మాత్రం చెప్తా. ఎక్కువ బలం ఉంటే ఎక్కువ గట్టిగా ఉంటుందని కాదు కొనేది. తేలికకీ బరువుకీ మధ్య ఎడం ఎక్కువ దొరుకుతుందని కొంటారు. గుసగుస నుంచి కేక దాకా అన్నమాట.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. చిన్న చక్రం కొని, సెట్టింగ్స్‌లో బలం అంతా ఫుల్ పెట్టేస్తారు. మా ఊరి శ్రీరామనవమి పందిట్లో మైకు సెట్టు చూశారా? ఫుల్ పెడితే పాటా మాటా అన్నీ ఒకటే బర్ర్. చక్రం కూడా అంతే. గేమ్ ఐదు అడుగుతుంది, మోటార్ దగ్గర ఉన్నది రెండు. గేమ్ నాలుగు అడిగినా రెండే ఇస్తుంది, మూడు అడిగినా రెండే. ఐదు నుంచి నాలుగుకి పడింది, అంటే టైరు జారబోతుందనే కబురు వచ్చింది, కానీ నీ చేతికి అదే రెండు. తేడా తెలీదు. దీన్ని క్లిప్పింగ్ అంటారు. డబ్బులు పెట్టి కొన్న ఆ ఒక్క కబురునీ నువ్వే చెడగొట్టుకున్నట్టు. గ్రాన్ టురిస్మో 7లో మ్యాక్స్ టార్క్, సెన్సిటివిటీ అని రెండు ఉంటాయి, 1 నుంచి 10 దాకా. నేను జీ29కి టార్క్ నాలుగైదు మధ్యలో పెడతా. చేతికి కాస్త తక్కువ అనిపిస్తుంది మొదట. వారం ఆడండి. కౌంటర్‌స్టీరింగ్ అసిస్టెన్స్ కూడా ఆఫ్ చేయండి, లేకపోతే మీ బదులు గేమే సర్దేస్తా ఉంటుంది.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా ఈ ఎపిసోడ్ పూర్తి కాదు.

మా నాయన లారీ డ్రైవర్. ఇరవై ఏళ్ళకి పైగా. ఇప్పుడు కృష్ణపట్నం పోర్టు నుంచి వంటనూనె ట్యాంకర్ తోలతాడు. జీ29 ఇంటికొచ్చిన రోజు డబ్బా చూసి, రేటు చూసి, అమ్మ వైపు తిరిగి అన్నాడు: "ఏందే వీడు, బండి లేకుండా ఉత్త చక్రం కొన్నాడా? ముప్పై వేలు పోసి?" అంతటితో ఆగలా. రెండు రోజులు భోజనం దగ్గర అదే మాట. నాకు బాధేసింది. సగం డబ్బు నేను డెలివరీ పని చేసి కూడబెట్టిందే, మిగతా సగం ఆయనదే, దాంట్లో అబద్ధం లేదు.

మూడో రోజు రాత్రి నేను ఆడతా ఉంటే వెనక నిలబడి చూసి, "లెయ్యి" అన్నాడు. కూర్చున్నాడు. చక్రం ఇటూ అటూ రవ్వంత కదిపి, మొదటి మాట, "దీనికి ప్లే ఉందిరా." గేర్ల మధ్య సందు గురించి నేను నాలుగు రివ్యూలు చూసి తెలుసుకుంది ఆయన రెండు సెకన్లలో చెప్పాడు. తర్వాత గమనించా, ఆయన బొటనవేళ్ళు చక్రం లోపలికి చుట్టలేదు, పైన ఆనించి పెట్టాడు. ఎందుకని అడిగితే, పవర్ స్టీరింగ్ లేని పాత బండ్లలో ముందు టైరు గుంటలో పడితే స్టీరింగ్ గిర్రున తిరిగి కమ్మీ వేలికి తగిలేదంట. వేలు లోపల పెట్టినవాడికి వేలు పోయేది. పెద్ద డైరెక్ట్ డ్రైవ్ చక్రాలు వాడేవాళ్ళకి కూడా ఇదే జాగ్రత్త చెప్తారు.

నేను కావాలనే స్పా ట్రాక్ పెట్టి, వాన పెట్టా. మొదటి రెండు ల్యాపులు గోడలకి గుద్దాడు, బ్రేకు అలవాటు లేక. మూడో ల్యాపులో ఒక పొడుగు మలుపులో ఉన్నట్టుండి కాలు తీసేశాడు. స్క్రీన్ మీద ఏమీ జరగలా. "ఏమైంది నాయనా?" అంటే, "ముందర తేలిపోయింది గదా" అన్నాడు. తర్వాత రిప్లే వేసి చూశా. ఆయన కాలు తీసిన చోటే కారు ముక్కు అప్పుడప్పుడే బయటికి పోబోతా ఉంది. నాకైతే కనపడలా. ఆయనకి చేతిలో తెలిసింది.

అప్పుడు చెప్పాడు. నేను చిన్నపిల్లోడిగా ఉన్నప్పుడు, కార్తీక మాసం వానల్లో, చెన్నైలో సరుకు దించి ఖాళీ బండితో వస్తా ఉన్నాడంట. నాయుడుపేట దాటినాక రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, చీకట్లో కనపడలా. క్లీనర్ పక్కన నిద్రపోతా ఉన్నాడు. స్టీరింగ్ ఒక్కసారి "దూది మాదిరి" అయిపోయిందంట. బ్రేకు తొక్కలా, తిప్పలా. కాలు మాత్రం తీసి, చక్రం తిన్నగా పట్టుకుని కూర్చున్నాడు. "మళ్ళీ బరువు వచ్చిందాకా ఊపిరి పీల్చలేదురా" అన్నాడు. క్లీనర్‌కి ఇప్పటికీ తెలీదంట. మాకూ తెలీదు, ఆ రాత్రి దాకా.

ముప్పై వేల గురించి మళ్ళీ ఎత్తలా. నేను కూడా ఎత్తలా.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్తా. ఈ చక్రం తిప్పితే మీకు రోడ్డు మీద బండి వచ్చేసినట్టు కాదు. గేమ్‌లో భయం లేదు, గుద్దితే రీస్టార్ట్ ఉంది, పక్కన గేదె అడ్డం రాదు. ఇప్పటి కార్లలో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఈ కబుర్లలో చాలా వాటిని వడపోసేస్తుంది కూడా. హైవే మీద ప్రయోగాలు చేయొద్దు.

రేసింగ్ పిచ్చి నిజంగా ఉన్నవాళ్ళకి ఒక మాట. మన నెల్లూరు నుంచి చెన్నై పోయే దారిలోనే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ అక్కడ. 1980ల చివరి దాకా దక్షిణ భారతంలో కారు రేసులంటే ఆ రన్‌వే మీదే. 1990 నుంచి శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. 2005లో ఫార్ములా వన్‌కి పోయిన నారాయణ్ కార్తికేయన్‌ది కోయంబత్తూరు, 2010లో పోయిన కరుణ్ చందోక్‌ది చెన్నై. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసర్లు కొత్త ట్రాక్‌కి వచ్చే ముందు సిమ్యులేటర్ మీద ఎన్నో ల్యాపులు తిప్పుకుని వస్తారు. ఇంట్లో చక్రం తిప్పి రేసరైనవాళ్ళు కూడా లేకపోలేదు. వేల్స్‌లో పెరిగిన జాన్ మార్డెన్‌బరో 2011లో గ్రాన్ టురిస్మో పోటీ గెలిచి, 2013లో లె మాన్ రేసులో నడిపాడు, ఆయన మీద 2023లో సినిమా కూడా వచ్చింది. కానీ ఆ పోటీలో ఆడిన లక్షల మందిలో చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే అక్కడిదాకా పోయారు. నేను ఆ ఆశ అమ్మను.

ఇక కొనుగోలు. తమ్ముడూ, ఇది నీకు.

ముందు కన్సోల్ చూడు. జీ29 ప్లేస్టేషన్‌కి, జీ920 ఎక్స్‌బాక్స్‌కి. చూడ్డానికి కవల పిల్లలు, ఒకదాని ఇంటికి ఇంకోదాన్ని రానివ్వరు. థ్రస్ట్‌మాస్టర్‌లో టీ300 ప్లేస్టేషన్‌కి, టీఎక్స్ ఎక్స్‌బాక్స్‌కి. కన్సోల్ కంపెనీ లైసెన్స్ ఇచ్చిన చక్రాన్నే కన్సోల్ గుర్తుపడుతుంది. కంప్యూటర్‌కి ఈ పట్టింపు లేదు. మధ్యలో పెట్టే కన్వర్టర్లు అమ్ముతారు, పనిచేస్తాయి కూడా, సిస్టం అప్‌డేట్ వచ్చిన రోజు ఆగిపోవచ్చు. రాత్రి కాపలా కాసి దాచిన డబ్బుని దాని మీద పెట్టొద్దు. సెకండ్ హ్యాండ్‌లో జీ27 చవగ్గా కనిపిస్తుంది, భలే చక్రం, నాకూ ఇష్టం. కానీ అది ప్లేస్టేషన్ 2, 3 కాలం నాటిది. నీ కన్సోల్‌కి నేరుగా పనికిరాదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంటికి పోయి చూడాలి. కరెంటు ఇచ్చి కన్సోల్‌కి తగిలించగానే జీ29 లాంటివి తనంతట తాను ఒక చివర నుంచి ఇంకో చివరకి తిరిగి సర్దుకుంటాయి. ఎక్కడైనా తట్టుకుని ఆగితే వద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇట్టనే తిరగొచ్చు కాబట్టి చిన్నపిల్లల చేతులు దగ్గర పెట్టనీయొద్దు.

ఇంకోటి మన సముద్రపు గాలి. మైపాడు నుంచి కోడూరు దాకా ఒడ్డు ఊళ్ళలో కిటికీ బోల్టులు ఏ గతి పడతాయో మీకు తెలుసు. చక్రం బిగించే స్క్రూలు తుప్పు పడతాయి, అది చిన్న విషయం. పెద్ద విషయం పెడల్స్. జీ29 పెడల్స్‌లో పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాంటి పొటెన్షియోమీటర్లు ఉంటాయి. దుమ్ము, చెమ్మ చేరితే నువ్వు కాలు పెట్టకపోయినా బ్రేకు పడినట్టు గేమ్ అనుకుంటుంది. నాకు ఏడాదిన్నరకే వచ్చింది. ఎలక్ట్రానిక్స్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, ప్లగ్ తీసి, విప్పి కొడితే సర్దుకుంది. వాడనప్పుడు పాత దుప్పటి కప్పండి. ఆడేది హాల్లో, కిటికీ సముద్రం వైపు ఉంటే ఇంకా తప్పదు.

బ్రేకు గురించి ఇంకాస్త. మామూలు పెడల్ కాలు ఎంత దూరం పోయిందో కొలుస్తుంది. లోడ్ సెల్ అనే ఖరీదైన రకం ఎంత బలంగా తొక్కావో కొలుస్తుంది. మన కాలికి దూరం కంటే బలం బాగా గుర్తుంటుంది, అందుకే ల్యాప్ టైములు దాంతో తొందరగా తగ్గుతాయి. చాలామంది పెద్ద చక్రం కోసం డబ్బు దాస్తారు, నన్నడిగితే రెండో దశలో బ్రేకు మార్చుకోవడం లాభం. ఇప్పుడైతే వద్దు.

ఇరవై ఎనిమిది వేలూ చక్రానికే పెట్టేయకు. రేట్లు ఎక్కుతా దిగుతా ఉంటాయి, సేల్ టైములో ఇరవై అయిదు దగ్గర దొరికితే తీసుకో. మిగిలింది స్టాండ్‌కి. ప్లాస్టిక్ టేబుల్‌కి బిగిస్తే మొదటి మలుపుకే టేబుల్ లేస్తుంది. పెడల్స్ ముందుకి జారతాయి, కుర్చీ వెనక్కి జారుతుంది, నువ్వు మధ్యలో సాగిపోతావు. నేను మా ఊళ్ళో గేట్లు చేసే వెల్డింగ్ షాపులో అంగుళం చదరపు పైపుతో స్టాండ్ చేయించా, పద్దెనిమిది వందలు అయింది. చక్రానికి అడ్డపట్టీ, పెడల్స్‌కి వాలు పట్టీ, రెండూ ఒకే ఫ్రేము. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టించుకో. కుర్చీ కాళ్ళని స్టాండ్‌కి నైలాన్ తాడుతో కట్టేయ్. వల కట్టే తాడైతే జన్మకి తెగదు.

ఒకవేళ అంత దొరక్కపోతే, ఆరు వేలది మాత్రం కొనకు. కంట్రోలర్‌తోనే ఆడు, డబ్బు దాచు. నీ ప్లేస్టేషన్ 5 అయితే, దాని డ్యుయల్‌సెన్స్ ట్రిగ్గర్లలో బ్రేకు చేసే చప్పుడు వేలికి తెలుస్తుంది గ్రాన్ టురిస్మో 7లో, అదే ఆ ఆరు వేల చక్రం కంటే ఎక్కువ చెప్తుంది.

మా నాయన పోయిన వారం పోర్టు నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా కుర్చీలో కూర్చుని గేమ్‌లో కార్లన్నీ వెతికాడు. నాలుగొందల కార్ల పైన ఉన్నాయి అందులో. చివరికి అడిగాడు, "ఒక్క లారీ లేదేందిరా దీంట్లో?" లారీ గేముల గురించి ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, ప్లేస్టేషన్‌లో ఆడేవే చెప్పండి.

తమ్ముడూ, కొన్నాక మెసేజ్ పెట్టు. డబ్బా విప్పే వీడియో వద్దు, వానలో తిప్పిన మొదటి ల్యాప్ పంపు.